చిరుప్రేరణలు, మాత్రలు, మన తెలుగు చీటీలు



ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీలు మీలో బడులలో పనిచేస్తున్నవారికి బాగా గుర్తుండే ఉంటాయి. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం జరిపే తేదీలవి. ఆనాడు పిల్లలచేత అల్బెండజోల్ మాత్ర నమిలించేది డాక్టరు కాదు, నర్సు కాదు, మనమే. చాలామంది ఉపాధ్యాయులు దీనిని పాఠానికి అడ్డువచ్చే అదనపు చాకిరీగా భావిస్తారు. అందులో నిజం లేకపోలేదు. కాని ఆ చాకిరీ వెనుక ఒక శాస్త్రం ఉన్నది. ఆ శాస్త్రానికీ మన తెలుగు బడుల మనుగడకూ సంబంధం ఉన్నదని నా నమ్మకం. ఈ వ్యాసం ఆ సంబంధం గురించే.

ఆ మాత్ర ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతుందని ప్రకటించి ఊరుకోవచ్చు. అలా ప్రకటిస్తే ఎందరు తల్లులు ఒక పూట కూలి మానుకొని, బస్సెక్కి, బారులో నిలుచుని మాత్ర తెచ్చుకొంటారు? పిల్లల మీద ప్రేమ లేక కాదు, పని పడక. అందుకని పిల్లవాడు ఎలాగూ వచ్చే చోటికే, ఎలాగూ వచ్చే రోజునే, ఎలాగూ ఎదుట ఉండే మనిషి చేతనే ఇప్పిస్తున్నారు. కెన్యా దేశపు బడులలో ఇదే మాత్రను గురించి మైకేల్ క్రెమర్, ఎడ్వర్డ్ మిగెల్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఒక సంగతి గమనించారు. ఉచితంగా ఇచ్చినప్పుడు నూటికి 75 మంది పిల్లలు మాత్ర తీసుకొన్నారు. తల్లిదండ్రుల దగ్గర చాలా స్వల్పమైన రుసుము అడిగిన బడులలో ఆ సంఖ్య 19కి పడిపోయింది. పేదవారికి కూడా ఆ రుసుము మోయలేని బరువేమీ కాదు. గడప మీద చిన్న రాయి ఉన్నా చాలు, అడుగు ఆగిపోతుంది.

అడుగు పడేందుకు ఆ రాయిని తీసివేయడం, లేదా మోచేతితో మెల్లగా కదిలించడం – ఇదే ఇరవై ఏండ్లుగా ఎక్కువగా వినబడుతున్న 'నడ్జ్' సిద్ధాంతం. రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ 2008లో ఇదే పేరుతో ఒక గ్రంథం వెలువరించారు. దేనినీ నిషేధించకుండా, పెద్ద జరిమానాలు గాని బహుమానాలు గాని లేకుండా, ఎంపిక మనిషికే వదలిపెట్టి, ఆ ఎంపిక ఎదురయ్యే తీరును మాత్రం మార్చడం దాని సారాంశం. 2010లో బ్రిటన్ ప్రభుత్వం దీనికోసమే ఒక బృందాన్ని ఏర్పాటు చేసింది. 2017లో థేలర్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశపు 2018-19 ఆర్థిక సర్వేలో కూడా దీనికి ఒక అధ్యాయాన్నే కేటాయించారు.

దీనికి తెలుగు మాట ఏమనాలి? 'తట్టు' అందామని మొదట అనుకొన్నాను. కాని తట్టు అనగానే మన తల్లులకు ఒంటినిండా పొక్కులు, వేపమండలు, అమ్మవారు గుర్తుకు వస్తాయి. టీకాల గురించి మాట్లాడుతూ ఆ మాట వాడటం ప్రమాదం! 'చిరుప్రేరణ' అందాం. ఇంతకన్న మంచి మాట తోచినవారు తెలియజేస్తే సంతోషిస్తాను.

వైద్యరంగంలో చిరుప్రేరణలు ఎంత చిన్నవిగా ఉంటాయో చూడండి. అమెరికాలోని ఒక సంస్థ తన ఉద్యోగులకు ఫ్లూ టీకా ఉచితంగా వేయించే రోజులను తెలియజేస్తూ ఉత్తరాలు పంపింది. కొన్ని ఉత్తరాలలో "మీరు ఏ తేదీన, ఎన్ని గంటలకు వస్తారో ఇక్కడ వ్రాసుకోండి" అని ఖాళీ గడులు ఉంచారు. ఆ కాగితాన్ని ఎవరికీ తిరిగి ఇవ్వనక్కరలేదు. గడులు లేని ఉత్తరం అందుకొన్నవారిలో 33 శాతం మంది టీకా వేయించుకొంటే, తేదీ, వేళ వ్రాసుకొనే గడులున్నవారిలో 37 శాతం మంది వేయించుకొన్నారు. ఈ పరిశీలన 2011లో ప్రచురితమైంది. 2014లో ఇంగ్లాండులో అవసరానికి మించి యాంటిబయాటిక్ మందులు వ్రాస్తున్న వైద్యశాలలకు ప్రధాన వైద్యాధికారి పేరుతో ఒక ఉత్తరం వెళ్లింది. మీ ప్రాంతంలోని 80 శాతం వైద్యశాలల కంటె మీరు ఎక్కువగా వ్రాస్తున్నారన్నది అందులోని ముఖ్యమైన మాట. అంతే, ఆ మందుల చీటీలు 3.3 శాతం తగ్గాయి. చదువుకొన్న డాక్టర్లు కూడా పక్కవారిని చూచే నడుస్తారన్నమాట.

అన్నింటికంటె బలమైన చిరుప్రేరణ 'డిఫాల్ట్'. ఏమీ అడగనివారికి, ఏ గడిలోనూ గుర్తు పెట్టనివారికి వర్తించే ఎంపిక అది. అవయవదానం విషయంలో దీనిని తరచుగా ఉదహరిస్తారు. కొన్ని ఐరోపా దేశాలలో వద్దని వ్రాసి ఇవ్వనివారినందరినీ దాతలుగానే లెక్కిస్తారు. మరికొన్నింటిలో ముందుకు వచ్చి నమోదు చేసుకొన్నవారే దాతలు. మొదటి తరహా ఆస్ట్రియాలో అంగీకారం నూటికి 99కి పైగాను, రెండవ తరహా జర్మనీలో 12గాను ఉన్నట్లు 2003లో ఇద్దరు పరిశోధకులు చూపించారు. వింటే అద్భుతంగా ఉన్నది కదా? అయితే కాగితం మీది అంగీకారం వేరు, ప్రాణం నిలిపే అవయవం వేరు. అవయవదానంలో ప్రపంచంలోనే ముందు వరుసలో ఉన్న స్పెయిన్ సంగతి చూడండి. అక్కడ డిఫాల్ట్ చట్టం 1979లోనే వచ్చింది. కాని మరణించినవారి కుటుంబాన్ని ఇప్పటికీ అడిగే తీరుతారు. అక్కడి పెరుగుదలకు కారణం చట్టం కాదని, 1989 నుంచి ఆసుపత్రి ఆసుపత్రిలో శిక్షణ పొందిన సమన్వయకర్తలను నియమించి, దుఃఖంలో ఉన్న కుటుంబాలతో మాట్లాడించడమని ఆ వ్యవస్థను నడిపినవారే చెబుతూ వచ్చారు. గడిలోని గుర్తు వెనుక ఒక మనిషి ఉండాలి.

ఈ మాట మన దేశంలో ఇంకా స్పష్టంగా కనబడిన చోటు రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా. నాకు ఈ విషయంలో అన్నిటికంటె ఇష్టమైన పరిశోధన ఇదే గనుక కొంచెం వివరంగా చెబుతాను. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ప్రభృతులు సేవామందిర్ అనే స్థానిక సంస్థతో కలిసి 134 గ్రామాలలో పసిపిల్లల టీకాల మీద ఈ ప్రయోగం చేశారు. ఆ ప్రాంతంలో ఆరోగ్య ఉపకేంద్రాలు సగానికి పైగా వేళల్లో మూసే ఉంటున్నాయని అంతకుముందే ఒక సర్వేలో తేలింది. తల్లి మూడు మైళ్లు నడిచి వెళితే తాళం స్వాగతం పలుకుతుంది. ఒకసారి వెళుతుంది, రెండవసారి వెళుతుంది, మూడవసారి వెళ్లదు. ఆమెను అజ్ఞాని అనడం మనకు సులభం.

పరిశోధకులు గ్రామాలను మూడు భాగాలు చేశారు. కొన్నింటిలో ఏ మార్పూ చేయలేదు. కొన్నింటిలో ప్రతి నెలా చెప్పిన రోజున, చెప్పిన వేళకు తప్పకుండా టీకా శిబిరం నడిచేలా చూశారు. మరికొన్నింటిలో అలాంటి శిబిరంతోపాటు, టీకా వేయించిన ప్రతిసారీ తల్లికి ఒక కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయితే భోజనపు పళ్లేలు ఇచ్చారు. ఫలితాలు 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఏ మార్పూ లేని గ్రామాలలో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు 6 శాతం. నమ్మకమైన శిబిరం ఉన్నచోట 18 శాతం. శిబిరంతోపాటు పప్పు ఇచ్చినచోట 39 శాతం. ఇంకొక విశేషం: పప్పు ఖర్చు కలుపుకొన్నా ఒక్కొక్క బిడ్డకు టీకాలు పూర్తిచేయించే ఖర్చు సగానికి తగ్గింది. పదిమంది వచ్చినా ముప్పైమంది వచ్చినా నర్సు జీతం ఒకటే కదా!

కిలో పప్పు చిరుప్రేరణ అవుతుందా, లంచం అవుతుందా అని శాస్త్రజ్ఞులు వాదించుకొంటారు. వాదించుకోనిద్దాం. నా దృష్టి మధ్య అంకె మీద నిలిచింది. 6 నుంచి 18కి తీసుకొనివచ్చింది పప్పు కాదు, చెప్పిన రోజున వచ్చిన నర్సు. ఆమె రాని ఊరిలో పప్పు బస్తాలు పెట్టి ఏమి లాభం? చిరుప్రేరణల గురించి ఉత్సాహంగా ఉపన్యసించేవారు 39 గురించి చెప్పి, 18 గురించి మరచిపోతారు.

ఇక రెండవ సంగతి. ఆ పప్పుకు భాష లేదు. ఏ భాష మాట్లాడే తల్లికైనా కిలో పప్పు కిలో పప్పే. పల్స్ పోలియోలో కూడా ఇలాంటి తెలివే ఉండేది. చుక్కలు వేసిన బిడ్డ ఎడమచేతి చిటికెన వ్రేలికి సిరా గుర్తు, ఇంటి తలుపు మీద సుద్దతో ఒక అక్షరం. ఎవరి బిడ్డకు వేయించారో, ఎవరి బిడ్డకు వేయించలేదో వీధి అంతటికీ తెలిసిపోయేది. 2014 మార్చిలో మన దేశానికి పోలియో విముక్తి ధ్రువపత్రం వచ్చింది. దాని వెనుక లక్షలమంది కాళ్లరిగేలా తిరిగిన శ్రమ ఉన్నది. ఆ శ్రమకు ఆ సిరాచుక్క తోడు నిలిచింది.

కాని చిరుప్రేరణలలో చాలావాటికి భాష కావాలి. ఉత్తరం, ఎస్సెమ్మెస్, గోడ మీది బొమ్మ కింది వాక్యం, అంగీకార పత్రం – ఇవన్నీ చదివితేనే కదిలిస్తాయి. యానాం వారికి ఈ చిక్కు లేదు, అక్కడ తెలుగు అధికార భాష. హోసూరు, బళ్లారి, బరంపురం, సోలాపూరు వారి సంగతి వేరు. మన తల్లులలో చాలామంది సంతలో తమిళమో కన్నడమో ఒరియానో మరాఠీయో ధారాళంగా మాట్లాడతారు. చదవలేరు. మాట్లాడటం చూచి అధికారులు చదవగలరనుకొంటారు.

బడిలో వారానికొకసారి ఇచ్చే ఇనుము మాత్రల సంగతే తీసుకోండి. పెద్ద తరగతులకు నీలం రంగువి, చిన్న తరగతులకు గులాబి రంగువి. నిర్ణీతమైన రోజు, మధ్యాహ్న భోజనం తరువాత, ఉపాధ్యాయుని కళ్లెదుట, వీలైతే ఉపాధ్యాయుడు కూడా ఒకటి మింగి చూపించి – ఎంత ఆలోచించి కూర్చిన పద్ధతి! నేను పనిచేసిన ఒక బడిలో ఒక తల్లి పరుగెత్తుకొని వచ్చింది. "బిడ్డకు నల్లగా పోతా ఉండాది అయివారూ, ఏమన్నా అయితే ఎవురు పలికేది? ఇంక ఆ మాత్ర మా పాపకు వద్దు" అన్నది. ఇనుము మాత్ర వేసుకొంటే మలం నల్లబడటం సహజం, భయపడనక్కరలేదని ఇంటికి పంపిన కాగితంలో ఉన్నది. రాష్ట్ర భాషలో చక్కగా అచ్చయి ఉన్నది. ఆ కాగితం ఆమె కొంగు ముడిలోనే ఉన్నది. ఆమె చదువుకొన్నది మూడవ తరగతి వరకు, తెలుగులో.

ఆ వారం నల్లబల్ల మీద నాలుగు వాక్యాలు తెలుగులో వ్రాసి, పిల్లలచేత ఎక్కించుకొమ్మని, ఇంట్లో అమ్మకో అవ్వకో పైకి చదివి వినిపించమని చెప్పాను. మరుసటి వారం ఆ పాప మాత్ర మింగింది. ఇందులో నా ఘనత ఏమీ లేదు, శాస్త్రం చెప్పినదే. అయితే ఒక్కటి గమనించండి. ఆ నాలుగు వాక్యాలు అవ్వ చెవికి చేరాలంటే ఇంట్లో తెలుగు చదవగల బిడ్డ ఒకరు ఉండాలి. "తెలుగు చదివి ఏమి చేస్తారండీ, ఉద్యోగం వస్తుందా" అని అడిగే తండ్రులకు నేను నన్నయ తిక్కనల పేర్లు చెప్పడం మానుకొని చాలాకాలమైంది. మీ అమ్మగారి షుగరు మాత్రల చీటీ ఎవరు చదివి చెబుతున్నారు అని మాత్రం అడుగుతాను.

కర్ణాటకలో 213 గ్రామాలలో జరిగిన మరొక పరిశోధన మనకు అక్కరకు వచ్చేది. ఊరిలో ఒక వార్త నలుగురికీ చేరాలంటే ఎవరికి చెప్పాలి అని పరిశోధకులు గ్రామస్థులనే అడిగారు. అలా వారు పేర్కొన్న మనుషులకు చెప్పినప్పుడు, ఊరిపెద్దలకు గాని ఎవరో కొందరికి గాని చెప్పినదాని కంటె ఎక్కువమందికి వార్త చేరింది. తరువాత హర్యానాలో టీకాల విషయంలో ఇదే పద్ధతిని ప్రయోగించగా, అటువంటి వ్యక్తులూ ఫోను సందేశాలూ కలిసినచోట పెట్టిన ఖర్చుకు ఎక్కువ ఫలితం వచ్చింది. మన ఊళ్లలో ఆ మనిషి ఎవరు? ప్రధానోపాధ్యాయులు కారు, వార్డు సభ్యుడు కాడు. పిండిమర దగ్గర కూర్చునే ఆమె కావచ్చు, పూలమ్మే అక్క కావచ్చు, రవికెలు కుట్టే ఆమె కావచ్చు. తెలుగు తరగతిలో చేర్పించే తేదీ దండోరా వేయించేకంటె ఆమె చెవిన వేయడం మేలు.

దారి సుగమం చేయడం ఒక వైపైతే, దారిలో అడుసు పోయడం మరొక వైపు. థేలర్ దీనికి కూడా 'స్లడ్జ్' అని పేరు పెట్టాడు. 2021 మే నెలలో 18 నుంచి 44 ఏండ్లవారికి కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు ముందుగా కోవిన్‌లో నమోదు చేసుకోవాలన్నారు. అది మొదట ఆంగ్లంలో మాత్రమే ఉండేది. హిందీ, తెలుగు, మరికొన్ని ప్రాంతీయ భాషలు జూన్‌లో చేరాయి. నెల రోజులే కదా అనవచ్చు. ఆ నెల ఎటువంటి నెలో మనకందరికీ తెలుసు.

ఇప్పుడు బడి గుమ్మం దగ్గరకు వద్దాం. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం మొదటి భాగం తమిళం, రెండవ భాగం ఆంగ్లం, మూడవ భాగం ఇతర పాఠ్యాంశాలు. మాతృభాష తమిళమో ఆంగ్లమో కానివారు కోరుకొంటే నాలుగవ భాగంగా తమ భాష చదువుకోవచ్చు. ఆ చట్టం మంచిచెడ్డల మీద న్యాయస్థానాలలో చాలా వాదం జరిగింది, నేను దానిలోకి వెళ్లను. ఉన్న రాష్ట్రపు భాష మన పిల్లలకు రావలసిందేనని నమ్మేవాడిని కూడా. నేను చూపదలచింది 'కోరుకొంటే' అనే మాటను. అడిగినవారికే ఉన్నది. అడగనివారికి లేదు. డిఫాల్ట్ ఎంత బలమైనదో ఆస్ట్రియా, జర్మనీల అంకెలలో చూశాం కదా, ఇక్కడ ఆ బలం ఎటు పనిచేస్తున్నదో వేరుగా చెప్పాలా? నేను చూచిన ఒక దరఖాస్తులో భాష గడి ముందే నింపి ఉన్నది. తల్లి వేలిముద్ర వేసి వెళ్లిపోయింది. ఆమెను ఎవరూ మోసగించలేదు. ఎవరూ అడగలేదు, అంతే.

దీనికి మందుగా, ఇంటిపేరు చూచి తెలుగువారందరినీ తెలుగు తరగతిలోనే డిఫాల్ట్‌గా చేర్చాలని వాదించే మిత్రులు ఉన్నారు. నాకు అది సమ్మతం కాదు. మూడు తరాలుగా ఇంట్లో కన్నడమే మాట్లాడే తెలుగు ఇంటిపేర్లవారు ఎందరో ఉన్నారు. వారి బిడ్డను అడగకుండా లాగడం కూడా అదే పని. గడి ఖాళీగా ఉంచి, "అమ్మా, బిడ్డకు తెలుగు కూడా నేర్పించాలనా, వద్దా?" అని నోటితో అడిగి, ఆమె చెప్పినది ఆమె ఎదుటే వ్రాయడం మేలు. ఆ ప్రశ్న తెలుగులో అడగాలి. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, ప్రవేశాల బల్ల దగ్గర కూర్చునే ఉపాధ్యాయుడు చాలు.

ఆశ మరీ పెంచుకోవద్దని కూడా చెప్పాలి. అమెరికాలో రెండు ప్రభుత్వ చిరుప్రేరణ బృందాలు చేసిన 126 ప్రయోగాలను, 2 కోట్ల 30 లక్షలమందికి సంబంధించినవాటిని, 2022లో ఒకచోట చేర్చి లెక్కించారు. పత్రికలలో అచ్చయిన పరిశోధనల సగటు లాభం 8.7 శాతపు పాయింట్లు కాగా, ఈ ప్రయోగాలది 1.4 మాత్రమే. విఫలమైనవి పత్రికలకు ఎక్కవు గనుక వచ్చిన తేడా అందులో చాలా ఉన్నది. 1.4 అంటే నూరుమంది పిల్లలలో ఒకరో ఇద్దరో. ఖర్చు ఒక కాగితం ముక్క గనుక అది లాభమే. కాని తెలుగు ఉపాధ్యాయుని ఖాళీ ఏళ్ల తరబడి నింపని బడిలో, పుస్తకాలు సంక్రాంతి తరువాత చేరే బడిలో, తల్లిని ఎంత నేర్పుగా అడిగినా ఏమి ఫలం? ఆమె ఔనంటుంది. బిడ్డ వస్తుంది. తాళం స్వాగతం పలుకుతుంది. ఆ తరువాత ఆమె మళ్లీ రాకపోతే, తెలుగువారికే తెలుగు అక్కరలేదని అధికారులు నివేదిక వ్రాసుకొంటారు. ఖాళీల కోసం చేసే పోరాటం చేయవలసిందే, చీటీలు దానికి బదులు కావు.

రాబోయే నులిపురుగుల దినానికి నేను పంపదలచిన చీటీ ఇది. అచ్చు కాగితానికి పిన్నుతో గుచ్చి పంపుతాను.

"అమ్మా, ......... వారం, ......... తేదీన బడిలో మీ బిడ్డకు కడుపులోని పురుగులు పోయే మాత్ర ఇస్తాం. ఉచితం. మాత్ర నమిలి తినాలి. కొందరికి ఆరోజు కొంచెం కడుపునొప్పి, వికారం ఉండవచ్చు, విశ్రాంతి తీసుకొంటే తగ్గుతుంది, తగ్గకపోతే మాకు చెప్పండి. జ్వరంగా ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ముందుగా చెప్పండి."

వారం, తేదీ గడులను బిడ్డచేతనే నింపించండి. భాష మా హోసూరు వైపుది. బరంపురం వారూ, సోలాపూరు వారూ 'వికారం' అన్న మాట మీ అవ్వలకు అర్థమవుతుందో లేదో ఒకసారి విచారించి, కాకపోతే మీ ఇళ్లలో అనే మాట వేసుకోండి.